ముందు నేల, తర్వాతే మంచం

మేం కొన్న మోటార్‌హోమ్‌లోకి మా అమ్మ మొదటిసారి ఎక్కినప్పుడు చెప్పులు మెట్టు కిందే విప్పేసింది. ఇల్లన్నాక చెప్పులతో ఎలా తిరుగుతామన్నది ఆవిడ లెక్క. అప్పటికి ఆ బండిని నేను మూడుసార్లు చూశాను. ఇంజిన్ చూశాను, టైర్లు చూశాను, ఏసీ వేసి చూశాను, పొయ్యి వెలిగించి చూశాను. మూడుసార్లూ బూట్లతోనే తిరిగాను. అమ్మ బాత్రూమ్ తలుపు దాకా వెళ్లి ఆగింది. మడమతో ఒకచోట రెండుసార్లు నొక్కి, "ఒరే, ఇక్కడ అడుగు దిగబడుతోందిరా. కింద ఏదో పుచ్చింది" అంది. మట్టి నేల మీద నడక నేర్చుకున్న మనిషి ఆవిడ. పైన కార్పెట్ చూస్తే పొడిగా, శుభ్రంగా ఉంది. నేను చెయ్యి పెట్టి నొక్కితే అరంగుళం లోపలికి పోయింది.

ఆ రోజు నా జేబులో ఒక కాగితం ఉంది. కొత్త పరుపులు, కొత్త కర్టెన్లు, ఎల్‌ఈడీ లైట్లు, అలమరలకు తెల్ల రంగు అని వరసగా రాసుకున్నాను. నేల సంగతి అన్నిటికంటే ఆఖరున, అదీ "పైన వినైల్ పరచాలి" అని ఒక్క ముక్క. ఆ సాయంత్రం కాగితాన్ని తలకిందులు చేసి మళ్లీ రాశాను. ఈ అధ్యాయంలో నేను చెప్పేదంతా ఆ తలకిందులు చేసిన కాగితమే.

అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి అమెరికా వచ్చినప్పుడు, బయటి తిండి పడక, హోటల్ గదుల్లో నిద్ర పట్టక ఇబ్బంది పడుతుంటే, మన వంట మనం చేసుకుంటూ దేశం చూద్దామని పాత మోటార్‌హోమ్ కొన్నవాళ్లు డాలస్ చుట్టుపక్కల నాకు తెలిసినవాళ్లలోనే ముగ్గురు నలుగురున్నారు. మాదీ అదే కథ. 2009 మోడల్, ఫోర్డ్ ఈ-450 ఫ్రేమ్ మీద కట్టిన 24 అడుగుల క్లాస్ సీ బండి. డ్రైవర్ నెత్తి మీద ముందుకు పొడుచుకొచ్చినట్టు ఒక పడక ఉంటుంది చూడండి, ఆ రకం. అందులో ఇంజినూ ఫ్రేమూ ఒక కంపెనీవి, దాని మీద నిలబెట్టిన ఇల్లు ఇంకో కంపెనీది. అయోవాలోని ఫారెస్ట్ సిటీలో విన్నెబాగో వాళ్లు 1966లో మోటార్‌హోమ్‌లు కట్టడం మొదలుపెట్టారు. ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ పరిసరాల్లో ఈ పరిశ్రమ అంతా పోగుపడి ఉంది. ఎవరు కట్టినా పద్ధతి దాదాపు ఒకటే: ఇనుప ఫ్రేమ్, దాని మీద కర్ర, ప్లైవుడ్, పల్చటి గోడలు. అంటే ఇది ఇల్లే, కానీ గంటకు 60 మైళ్ల వేగంతో ఊగే ఇల్లు. ఇంట్లో చెల్లే పనులు కొన్ని ఇక్కడ చెల్లవు.

మొదటి తేడా బరువు. మీ బండి తలుపు దగ్గర పసుపు రంగు స్టిక్కర్ ఒకటి ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో దాని మీద రాసి ఉంటుంది. మాది 1,800 పౌండ్లు. వినడానికి చాలా అనిపిస్తుంది. లెక్క వేయండి. మేం నలుగురు పెద్దవాళ్లం, ఒక తొమ్మిదేళ్ల పిల్ల, కలిపి సుమారు 700. నీళ్లు గ్యాలన్‌కు 8.3 పౌండ్ల చొప్పున 40 గ్యాలన్ల ట్యాంకు నిండితే 332. మిగిలింది 768. అందులోంచే బియ్యం బస్తా, కుక్కర్, దుప్పట్లు, సైకిల్, పనిముట్లు. ఇప్పుడు ఆ నేల మీద ఇంట్లో లాగా సెరామిక్ టైల్స్ పరిస్తే? మా బండిలో నడిచే నేల 90 చదరపు అడుగులు. టైలూ దాని కింద వేసే సిమెంటూ కలిపి అడుగుకు 5 పౌండ్లనుకున్నా 450 పౌండ్లు అక్కడే అయిపోతాయి. పైగా బండి ఊగేకొద్దీ టైల్స్ పగులుతాయి. అందుకే అందంగా కనబడినా టైల్స్ జోలికి వెళ్లొద్దని గట్టిగా చెబుతున్నాను.

నేను చేసిన పనుల్లో అన్నిటికంటే ఉపయోగపడింది ఒక నోటుపుస్తకం. ఎడమ పేజీలో బయటికి తీసిన ప్రతి వస్తువు బరువు, కుడి పేజీలో లోపలికి వెళ్లిన ప్రతి వస్తువు బరువు. ఇంట్లో మనం ఎక్కి చూసుకునే తూకం మిషనే చాలు. పాత కార్పెట్, దాని కింద మెత్త, తడిసిన ప్లైవుడ్, పాత సోఫా మంచం... ఇవి ఎంత బరువుంటాయో తూచేదాకా ఎవరికీ తెలియదు. పని మొదలుపెట్టకముందు ఒకసారి, పూర్తయ్యాక ఒకసారి లారీలు ఆగే చోట తూకం మీద బండిని ఎక్కించి, ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అని విడివిడిగా రాయించుకోండి. కుడి ఎడమల బరువూ చూసుకోండి: మంచాలన్నీ ఒక పక్కకే చేర్చి కట్టుకున్నవాళ్ల బండి ఆ పక్కకే వాలుతుంది.

ఇక కార్పెట్ పీకే పని. ముట్టుకోకముందు బయటి కరెంటు తీగ పీకండి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి, గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టేయండి. ప్రతి మూలా ఫొటో తీయండి. 1980ల మధ్యకంటే ముందటి బండి అయితే పాత వినైల్ పలకల్లోనూ వాటి జిగురులోనూ ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. దాన్ని గీకొద్దు, రుద్దొద్దు. చిన్న ముక్క పరీక్షకు పంపి, ఫలితం వచ్చాకే చెయ్యి పెట్టండి. మా బండి కొత్తదే కాబట్టి ఆ భయం లేదు. కార్పెట్ అంచుల్లో మాత్రం అంగుళానికొక పిన్ను. మా ఆవిడ, నేను, పాప ముగ్గురం మూడు కటింగ్ ప్లేయర్లు పట్టుకుని ఒక శని ఆదివారాలు కూర్చుంటే పాత నెయ్యి డబ్బా ఒకటి పిన్నులతో నిండింది. ఒక్క పిన్ను మిగిలినా రేపు పైన పరిచే వినైల్‌ను అది కిందినుంచి పొడుచుకుని వస్తుంది. ఈ పనికి తొందర పనికిరాదు.

కార్పెట్ లేచాక అమ్మ మడమ చెప్పిన మాట కళ్లకు కనబడింది. బాత్రూమ్ గుమ్మం దగ్గర పళ్లెమంత నల్లటి మచ్చ. స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే తడి బిస్కెట్‌లో దిగినట్టు దిగింది. ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఉంది. మచ్చ ఉన్నంత మేర కోసి, కొత్త ముక్క వేసి, పైన వినైల్ పరిచేస్తారు. ఏడాది తిరిగేసరికి కొత్త ముక్క కూడా అలాగే నల్లబడుతుంది. ఎందుకంటే నీరు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ వెతకలేదు. మచ్చ ఉన్న చోట నీళ్లు ఆగాయి, అంతే. వచ్చింది ఇంకెక్కడినుంచో.

మేం వెతికిన పద్ధతి ఇది. ముందు తేమ మీటర్. రెండు సూదులుండే చిన్న పరికరం, ఖరీదైనదేమీ కాదు. కర్రలో గుచ్చితే తేమ ఎంత శాతమో చెబుతుంది. 15 లోపు ఉంటే నిశ్చింత. 20 దాటిందంటే కర్ర కుళ్లడానికి రంగం సిద్ధమైనట్టే. నేల మీద అడుగుకొకటి చొప్పున గుచ్చి, అంకెలను అక్కడే సుద్దముక్కతో రాశాం. అంకెలు గుమ్మం నుంచి బాత్రూమ్ గోడ వైపు పెరుగుతూ పోయాయి. టాయిలెట్ కింది రబ్బరు వాషర్ అరిగిందేమో అనుకున్నాను. విప్పి చూస్తే అది బాగానే ఉంది. అప్పుడు మా ఆవిడ టార్చి పట్టుకుని లోపల కూర్చుంది, నేను బయట గొట్టంతో నీళ్లు పోశాను. నీళ్లు కిందినుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి. పైనుంచి పోస్తే అన్నీ ఒకేసారి తడిసి కారే చోటు తెలియదు. గోడ అడుగు తడిపాను, ఏం లేదు. కిటికీ, ఏం లేదు. కప్పు మీద బాత్రూమ్ గాలిగొట్టం చుట్టూ పోసిన పది నిమిషాలకు "ఏవండీ, వచ్చింది, ఆపండి" అని కేక వినబడింది. గొట్టం చుట్టూ పూసిన సీలెంట్ టెక్సస్ ఎండకు బీటలు వారింది. అక్కడ దిగిన నీళ్లు గోడ లోపల ఆరడుగులు జారి, గుమ్మం దగ్గర తేలాయి.

కప్పు మీద ఉన్నది ఈపీడీఎం అనే రబ్బరు పొర. దానికి పెట్రోలియం కలిసిన ద్రావకాలు పడవు, పొర ఉబ్బుతుంది. ఇంట్లో వాడే సిలికాన్ కూడా రాయొద్దు. రేపు దాని మీద ఇంకేదీ అంటుకోదు. ఆ పొరకు సరిపడే, దానంతటదే పరుచుకునే ఆర్‌వీ (ఇలాంటి బండ్ల) సీలెంట్ దొరుకుతుంది. అదే పూయండి. ఏడాదికి కనీసం రెండుసార్లు నిచ్చెన వేసుకుని కప్పంతా చూసుకోండి.

కారుడు ఆగాక ఆరబెట్టడం. ఫ్యాన్లూ డీహ్యూమిడిఫయరూ పెట్టి తలుపులు మూస్తే అంకెలు 14కి దిగడానికి పదకొండు రోజులు పట్టింది. అప్పటికే ప్రయాణం తేదీ అనుకున్నాం, పార్కులో చోటు బుక్ చేసుకున్నాం. ఆరో రోజున మీటర్ 19 చూపిస్తుంటే "ఈపాటి చాలు, పరిచేద్దాం" అని నా మనసు ఎంత లాగిందో నాకు తెలుసు. నాన్న ఒక్కటే అన్నారు: "ప్రయాణం మళ్లీ పెట్టుకోవచ్చు. చెమ్మ మీద మూత పెట్టకు." బుకింగ్ మార్చుకున్నాం. ఇలాంటి పనిలో చేతి నేర్పు కంటే ఆ అయిదు రోజులు ఆగడమే కష్టం. ఆగగలిగిన మనిషికి మిగతా నేర్పు దానంతటదే వస్తుంది.

పుచ్చిన చోటు కోసేటప్పుడు రంపం బ్లేడు లోతు ప్లైవుడ్ మందానికి మించకుండా పెట్టుకోండి. దాని కిందనే వైర్లూ నీళ్ల పైపులూ ఉంటాయి. కోత మచ్చ అంచు దగ్గర ఆపకుండా గట్టి కర్ర తగిలేదాకా, అంటే కింది దూలం మధ్యకు తీసుకెళ్లండి. అప్పుడే కొత్త ముక్కకు ఆనడానికి చోటుంటుంది. కొత్త ముక్క అంచులకు నాలుగు వైపులా ఎపాక్సీ పూసి, జిగురూ స్క్రూలూ రెండూ వేసి బిగించండి. స్క్రూ పొడవు ముందే కొలుచుకోండి. నేను ఒకచోట రెండంగుళాల స్క్రూ దించాను. సాయంత్రం ట్యాంకులో నీళ్లు నింపి పంపు వేయగానే కింది సామాన్ల అర నిండా నీళ్లు. స్క్రూ కొన పైపును చీల్చింది. రెండు రోజుల పని వెనక్కి పోయింది. ముందుగా కింది అర తలుపు తీసి టార్చి వేసి చూసి ఉంటే ఆ పైపు నా కంటబడేది. మీరు చూడండి.

ప్లైవుడ్ కొనేటప్పుడు దాని మీది ముద్ర చదవండి. 2005లో కత్రినా తుపాను తర్వాత ఇళ్లు పోయినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన ట్రైలర్లలో ఫార్మాల్డిహైడ్ ఎక్కువగా ఉందని 2008లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ పరీక్షలు తేల్చాయి. కళ్ల మంటలు, దగ్గు, ఊపిరాడకపోవడం అంటూ ఆ మనుషులు చెప్పుకున్న బాధ వెనక ఉన్నది చవక చెక్కలో వాడిన జిగురు. 2010లో ఫార్మాల్డిహైడ్ మీద పరిమితి పెడుతూ చట్టం వచ్చింది. ఇప్పుడు ఆ పరిమితికి లోబడిన చెక్క మీద టీఎస్‌సీఏ టైటిల్ సిక్స్ అని ఉంటుంది. పెద్ద ఇంట్లో ఆ జిగురు వాసన చెదిరిపోతుంది. ఎనిమిది అడుగుల వెడల్పు పెట్టెలో, ఎండలో, తలుపులు మూసి పడుకునే పసివాళ్ల ముక్కు దగ్గర అది చెదరదు. అయిదు డాలర్లు ఎక్కువైనా ఆ ముద్ర ఉన్నదే తీసుకోండి.

పైన ఏం పరచాలన్నది అందరూ ముందడిగే ప్రశ్న. నిజానికి అన్నిటికంటే సులువైనది ఇదే. చెక్కలా కనిపించే వినైల్ పలకలు ఒకదానిలో ఒకటి టక్కుమని ఇరుక్కునేవి ఇప్పుడు బాగా వాడుకలో ఉన్నాయి. అడుగుకు రెండు పౌండ్ల దాకా బరువుంటాయి. ఎండాకాలం మూసి ఉంచిన బండి లోపల 50 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, శీతాకాలం గడ్డకడుతుంది. పలకలు ఆ వేడికి పెరుగుతాయి, చలికి ముడుచుకుంటాయి. చుట్టూ పావంగుళం ఖాళీ వదలకపోతే మధ్యలో లేస్తాయి, వదిలినా కొన్ని చోట్ల సందులు పడతాయి. కొన్ని కంపెనీలు బండిలో పరిస్తే హామీ వర్తించదని ముందే రాస్తాయి. అది చదివే కొనండి. నా ఓటు మాత్రం ఒకే ముక్కగా వచ్చే షీటు వినైల్‌కు. పల్చన, తేలిక, మధ్యలో అతుకు లేదు కాబట్టి పప్పు ఒలికినా నీళ్లు ఒలికినా కిందికి దిగవు. గోధుమరంగు కాగితాన్ని నేలంతా పరిచి, మూలలు కత్తిరించి, దాన్ని షీటు మీద పెట్టి గీసుకుంటే కొలత తప్పదు. షీటును ఒక రోజంతా విప్పి పరిచి ఉంచాకే కోయండి. హీటర్ గాలి వచ్చే కంతలను మూసేయకుండా అంతమేర కత్తిరించండి. గోడ జరిగే బండి అయితే, అంటే ఆగాక ఒక పక్క బయటికి తెరుచుకునే రకమైతే, కొత్త నేల పాతదానికంటే కొంచెం మందమైనా ఆ గోడ చక్రాలు దాన్ని చీరేస్తాయి. కాగితమంత తేడా కూడా కొలవాల్సిందే.

ఇప్పుడు మంచాలు. మంచాన్ని కొలిచే ముందు మనుషుల్ని కొలవండి. ఆర్‌వీ క్వీన్ అని అమ్మే పరుపు 60 అంగుళాల వెడల్పు, 75 అంగుళాల పొడవు. ఇంట్లో ఉండే క్వీన్ 80 అంగుళాలు. మా నాన్న 70 అంగుళాల మనిషి. దిండు పెట్టుకున్నా ఆయన కాళ్లు గోడకు తగలవు, సరిపోయింది. ఆరడుగులు దాటిన కొడుకున్న ఇంట్లో ఆ అయిదంగుళాలు రాత్రంతా బాధపెడతాయి. అమ్మది ఎత్తు సమస్య. మోకాళ్ల నొప్పి. ఇంట్లో ఆవిడ చెయ్యి ఆసరా లేకుండా లేవగలిగే కుర్చీ ఏదో చూసి, దాని మీద ఆవిడ కూర్చున్నప్పుడు నేల నుంచి ఎత్తు కొలిచాను. 19 అంగుళాలు. పరుపు అణిగేంత కలుపుకుని మంచం చట్రం ఎత్తు నిర్ణయించాను. ఆవిడ పడుకునేది బాత్రూమ్ వైపు, నడిచే దారిలో కాలికి అడ్డొచ్చే మూలలు గుండ్రంగా చెక్కేశాను. ఈ రెండు అంకెలూ ఏ పుస్తకంలోనూ ఉండవు. మీ ఇంట్లోనే ఉంటాయి.

పరుపు కింద గాలి ఆడాలి. మన నులక మంచం, నవారు మంచం వందల ఏళ్లు చేసిన పని అదే. నలుగురు నిద్రపోతే ఊపిరిలోని తేమంతా చల్లటి చెక్క మీద పేరుకుంటుంది. ప్లైవుడ్ మీద నేరుగా పరుపు వేస్తే కొన్ని నెలల్లో అడుగున బూజు. అందుకని మూడంగుళాలకు మించని సందుతో చెక్క బద్దలు వేశాను. బద్దలు తేలిక కూడా. చట్రాన్ని నేలలోని గట్టి కర్రకు నట్టు, బోల్టులతో బిగించండి. సాదా నట్టు కుదుపులకు వదులవుతుంది, లోపల నైలాన్ ఉన్న లాక్‌నట్టు వాడండి. మంచం కింద సామాన్ల అర మూత ప్రయాణంలో ఎగిరిపడకుండా గడియ ఉండాలి. హీటర్ గాలి లాక్కునే జాలీ మంచం కిందికి వస్తే దాన్ని మూసి కట్టొద్దు.

పాపకు డ్రైవర్ నెత్తి మీది పడక ఇచ్చాం. పై పడక ఆరేళ్ల లోపు పిల్లలకు వద్దని అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ చెబుతుంది. పరుపు పై అంచు నుంచి ఇంకా అయిదంగుళాలు పైకి అడ్డు కమ్మీ ఉండాలి. కొత్త పరుపు పాతదానికంటే మందంగా వేస్తే ఆ అయిదంగుళాలు తగ్గిపోతాయి, మళ్లీ కొలవండి. ఆ పడక ఎంత బరువు మోస్తుందో రాసిన ముద్రను పెయింటు కింద మూయొద్దు. సీటు బెల్టులున్న సీట్లను ఎంత ఇరుకనిపించినా తీయొద్దు, కోయొద్దు. అవి ఫ్రేమ్‌కు బిగించినవి. బండి కదులుతున్నంతసేపూ ఎవరూ మంచం మీద పడుకోరు, ఎంత నిద్రొచ్చినా సరే. వెనక ఎర్ర గడియలున్న కిటికీ నిప్పంటుకుంటే బయటపడే దారి. దానికి మంచం తలగోడ అడ్డం పెట్టొద్దు. పని పూర్తయ్యాక మేం అమ్మ చేత, పాప చేత ఆ గడియ తీయించి చూశాం. అమ్మ చేతికి అందలేదు. మంచం చట్రాన్ని నాలుగంగుళాలు ఆ వైపుకు జరిపాను. నేలకు దగ్గరగా ఉండే గ్యాస్ అలారం కూడా అంతే. ప్రొపేన్ గాలికంటే బరువు, కిందికే దిగుతుంది. ఆ పెట్టె ముందు సామాను పేర్చొద్దు.

ఇది చదివి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో టెంపో ట్రావెలర్‌ను ఇలా మార్చుకుందామనుకునేవారికి ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని సొంతంగా మార్చకూడదు. సీట్లు తీసి మంచం వేసే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి, కాగితం మీద అనుమతి తీసుకోండి.

మాకు మొత్తం తొమ్మిది వారాలు పట్టింది. అందులో నేలకు ఆరు, మంచాలకు రెండు, మిగతా అన్నిటికీ ఒకటి. నోటుపుస్తకంలో బయటికి వెళ్లిన బరువు 412 పౌండ్లు, లోపలికి వచ్చింది 337. ఆ ఏడాది అక్టోబరులో టెక్సస్‌లోని పాలో డ్యూరో కాన్యన్‌కు వెళ్లాం. మొదటి రాత్రి వాన పడింది. తెల్లారి నేను లేచేసరికి అమ్మ అప్పటికే బాత్రూమ్ గుమ్మం దగ్గర నిలబడి మడమతో నొక్కి చూస్తోంది.

ఈ శనివారం పరుపుల దుకాణానికి బయలుదేరే ముందు, చెప్పులు విప్పి మీ బండిలో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకసారి నెమ్మదిగా నడవండి.